మానేయమని చెప్పాక మళ్లీ అడిగేదెవరు?

ముప్పై ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే ఫారం ఒకటుంది. ఆరోగ్య సిబ్బంది దాన్ని సీబ్యాక్ ఫారం అంటారు. షుగర్, బీపీ, క్యాన్సర్ ముప్పు ఎవరికి ఎక్కువో ముందుగానే పట్టుకోవడానికి పెట్టింది. అందులో మొదటి ప్రశ్న వయసు. రెండోది పొగాకు. బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ లాంటివి ఎప్పుడూ వాడకపోతే సున్నా, ఒకప్పుడు వాడినా ఇప్పుడు అప్పుడప్పుడూ వాడుతున్నా ఒకటి, రోజూ వాడితే రెండు మార్కులు. తర్వాత మద్యం సంగతి, ఆ తర్వాత నడుము చుట్టుకొలత. మొత్తం నాలుగు దాటితే పరీక్షలకు రమ్మంటారు.

‘రోజూ’ అన్న గడిలో టిక్కు పడిన మనిషికి ఆ తర్వాత ఏం జరుగుతుంది? చాలా ఇళ్లలో నడుము కొలిచే టేపు బయటికొస్తుంది, అంతే. ‘అది మంచిది కాదు, మానెయ్’ అన్న మాట మధ్యలో ఒకటి పడితే పడుతుంది. ప్రశ్న అడిగే మనిషి ఉంది, జవాబు రాసుకునే కాగితం ఉంది, ఆ ఇల్లు ఎక్కడుందో ఆమెకు తెలుసు, మళ్లీ నెలలో అటువైపే వస్తుంది కూడా. అయినా ఆ జవాబు పట్టుకుని రెండోసారి ఎవరూ అడగరు. పొగాకు మాన్పించే సేవలు మనలాంటి దేశాల్లో ఎందుకు నిలదొక్కుకోలేదో అర్థం చేసుకోవడానికి ఆస్పత్రి దాకా వెళ్లనక్కర్లేదు. ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటే చాలు.

మానాలన్న కోరిక జనంలో లేదనుకుంటే పొరపాటు. 2016-17లో దేశమంతటా జరిగిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవాళ్లలో 28.6 శాతం మంది, అంటే దాదాపు 26.7 కోట్ల మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 20 శాతం, తెలంగాణలో 17.8 శాతం. పొగ తాగేవాళ్లలో 55.4 శాతం, నమిలేవాళ్లలో 49.6 శాతం మంది మానాలని అనుకుంటున్నట్టో, ఆ ఆలోచనలో ఉన్నట్టో చెప్పారు. పొగ తాగేవాళ్లలో 38.5 శాతం మంది అంతకుముందు ఏడాదిలో ఒక్కసారైనా ఆపి చూశారు. ప్రపంచం మొత్తం మీద కూడా లెక్క ఇంచుమించు ఇలాగే ఉంది. 125 కోట్ల మంది పొగాకు వాడుతుంటే వాళ్లలో 60 శాతానికి పైగా మానాలనుకుంటున్నారని, 70 శాతం మందికి సరైన సాయం అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది.

2016-17 సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. ఆ ఏడాది డాక్టరు దగ్గరికో, ఆస్పత్రికో వెళ్లిన పొగరాయుళ్లలో 48.8 శాతం మందికి మానమని సలహా అందింది. నమిలేవాళ్లలో అందింది 31.7 శాతం మందికే. మన దగ్గర బీడీ, సిగరెట్ల కంటే నమిలే పొగాకు వాడేవాళ్లు రెట్టింపు ఉన్నారు. 10.7 శాతం మంది పొగ తాగుతుంటే 21.4 శాతం మంది ఖైనీ, గుట్కా, జర్దా లాంటివి వాడుతున్నారు. అంటే ఎక్కువ మంది ఏది వాడుతున్నారో దాని గురించే తక్కువగా అడుగుతున్నారు. ‘పొగ తాగుతారా?’ అని అడిగితే ‘లేదండీ’ అన్న జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు. ఆ సమయంలో కింది పెదవి వెనక ఖైనీ ఉండొచ్చు, అంతే.

ఈ లోటు తీర్చే ప్రయత్నం కొత్తదేమీ కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2002లో 13 పొగాకు విరమణ కేంద్రాలు తెరిచాయి. తర్వాత జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం వచ్చి, జిల్లాకొక కేంద్రం ఉండాలంది. పొగాకు నియంత్రణపై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని భారత్ 2004లోనే ఆమోదించింది. అందులో 14వ అధికరణం మానాలనుకునేవాళ్లకు సాయం చేయడం ప్రభుత్వాల బాధ్యత అంటుంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

తొలి కేంద్రాలు ఎక్కడ వచ్చాయో చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. క్యాన్సర్ ఆస్పత్రులు, పెద్ద మానసిక ఆరోగ్య సంస్థలు, నగరాల్లోని బోధనాసుపత్రులు. పద్ధతి నేర్చుకోవడానికి, కౌన్సెలర్లను తయారు చేయడానికి అవి కావాలి. కానీ రోజూ ఇరవై బీడీలు కాల్చే కూలీ మనిషి, ఒంట్లో ఏ నొప్పీ లేనప్పుడు, ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడి, ‘నాకు బీడీ మాన్పించండి’ అని అడగడానికి జిల్లా ఆస్పత్రికి వస్తాడా? రాడు. వచ్చేది ఎప్పుడంటే కారం తగిలితే నోరు మండిపోతున్నప్పుడు, రెండు వేళ్లు కూడా పట్టనంతగా నోరు బిగుసుకుపోయినప్పుడు, మానని పుండు పడినప్పుడు. అప్పటికి పొగాకు మానడం అనేది చికిత్సలో ఒక భాగమే అవుతుంది తప్ప ముందుజాగ్రత్త కాదు.

ఈ విషయంలో తెలుగు నేల మీదే ఒక పాత అనుభవం ఉంది. అది అంతగా ప్రచారంలోకి రాకపోవడం బాధాకరం. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్టను తిరగేసి, మండే కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. ఆడవాళ్లలో ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోదని, పని చేసుకుంటూ కాల్చుకోవచ్చని చెబుతారు. నిప్పు అంగిలికి దగ్గరగా ఉండటం వల్ల, మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించింది. విశాఖపట్నం వైద్యులు దీని మీద దశాబ్దాల కిందటే అధ్యయనాలు చేశారు.

1970ల చివర్లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన పరిశోధకులు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్, మన శ్రీకాకుళం జిల్లాలను ఎంచుకున్నారు. మూడు జిల్లాల్లో కలిపి 36,000 మంది పొగాకు వాడేవాళ్లు. దంతవైద్యులు పల్లెలకు వెళ్లి ఒక్కొక్కరి నోరు పరీక్షించారు, ఏమైనా మచ్చలుంటే చూపించారు, పొగాకు తగ్గించమని, మానమని మనిషి మనిషికీ చెప్పారు. సినిమాలు వేశారు, రేడియోలో చెప్పించారు. ఏడాదికోసారి మళ్లీ వెళ్లి అదే మనిషి నోరు చూశారు. ఐదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మానినవాళ్లు, తగ్గించినవాళ్లు పెరిగారు. క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్లమచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది.

ఆ పనిలో మందు లేదు. నికోటిన్ చూయింగ్ గమ్ లేదు, ఫోన్ లేదు. చదువు అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లలో, తరాలుగా వస్తున్న అలవాటు మీద జరిగిన పని అది. చేసిందల్లా నోరు చూడటం, చెప్పడం, ఏడాది తిరిగాక మళ్లీ వచ్చి చూడటం. ఆ ‘మళ్లీ’యే అసలు సంగతి.

మళ్లీ అడగడానికి ఇంత బలం ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే మానే మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలి. బీడీ పొగ లోపలికి పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. రోజుకు ఇరవై సార్లు, ఏళ్ల తరబడి ఇలా అలవాటైన మెదడు ఒక్కసారిగా అది అందకపోతే గోల చేస్తుంది. చిరాకు, టెన్షన్, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం. ‘పొద్దున్నే బీడీ పడకపోతే మోషన్ అవదు’ అనే మాట ఊరూరా వినిపిస్తుంది. దాన్ని సాకుగా కొట్టిపారేయడం తప్పు. నికోటిన్ ఆపితే మలబద్ధకం నిజంగానే వస్తుంది. ఈ బాధలన్నీ రెండో రోజు, మూడో రోజు బాగా ముదురుతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి.

అంటే మనిషికి తోడు కావలసిన సమయం చాలా స్పష్టంగా తెలుసు. ఆపిన మూడో రోజు, వారం రోజులకు, నెల రోజులకు. ఆస్పత్రిలో చెప్పిన సలహా మొదటి రోజుతోనే అయిపోతుంది. మూడో రోజు రాత్రి నిద్ర పట్టక ఇంటి ముందు కూర్చున్నప్పుడు ఆ డాక్టరు అక్కడ ఉండడు. పక్కనే బడ్డీ కొట్టు ఉంటుంది. ఎవరి సాయమూ లేకుండా సొంతంగా మానడానికి ప్రయత్నించిన వందమందిలో ఏడాది దాకా నిలిచేది ముగ్గురో ఐదుగురో. మిగతావాళ్లకు గట్టి మనసు లేదని ఊరు తేల్చేస్తుంది, వాళ్లూ నమ్మేస్తారు.

మరి సాయం చేస్తే ఎంత తేడా వస్తుంది, ఆ సాయం ఎవరు చేయాలి అన్నదానికి మన ఇరుగుపొరుగు నుంచే మంచి ఆధారాలున్నాయి. దక్షిణ కేరళలోని రెండు షుగర్ క్లినిక్కులలో 224 మంది మగ పేషెంట్ల మీద జరిగిన పరిశోధన 2013లో వచ్చింది. అందరికీ డాక్టరు మానమని చెప్పాడు, షుగర్ ఉన్నవాళ్లకు పొగ ఎంత చేటో చెప్పే కాగితాలూ ఇచ్చారు. సగం మందికి దానికి తోడు, డాక్టరు కాని ఆరోగ్య కార్యకర్త ఒకరు మూడు విడతలుగా కూర్చుని మాట్లాడారు. ఆరు నెలల తర్వాత డాక్టరు సలహాతోనే ఆగిన గుంపులో 12.5 శాతం మంది, మాట్లాడించిన గుంపులో 51.8 శాతం మంది మానేశామన్నారు. వాళ్ల నోటిమాట మీద ఆధారపడ్డ లెక్క కాబట్టి కొంత తగ్గించి చూసినా, తేడా చిన్నది కాదు.

పాకిస్థాన్‌లో క్షయ అనుమానంతో దవాఖానాలకు వచ్చిన 1,955 మంది పొగతాగేవాళ్ల మీద జరిగిన ప్రయోగం కూడా 2013లోనే వచ్చింది. మామూలు పద్ధతిలో వదిలేసినవాళ్లలో ఆరు నెలల పాటు మానినవాళ్లు 8.5 శాతం. కింది స్థాయి సిబ్బంది రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడితే 41 శాతం. దానికి బుప్రోపియాన్ అనే మాత్ర కలిపితే 45.4 శాతం. ఉత్త మాటకు, మాటతోపాటు మాత్రకు మధ్య తేడా ఎంత తక్కువో గమనించండి.

ఇంకో మందు సంగతి. సైటిసిన్ అనేది ఒక చెట్టు గింజల నుంచి తీసే మందు. బల్గేరియాలో 1964 నుంచీ వాడుతున్నారు, ధర తక్కువ. పోలండ్‌లో జరిగిన పరీక్షలో అది బాగా పనిచేసినట్టు 2011లో తేలడంతో పేద దేశాలకు ఇదే దారి అని చాలామంది ఆశపడ్డారు. తర్వాత బంగ్లాదేశ్, పాకిస్థాన్‌లలో 2,472 మంది క్షయ రోగుల మీద పెద్ద ఎత్తున పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితం: సైటిసిన్ వాడినవాళ్లలో 32.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 29.7 శాతం మంది ఆరు నెలలు మానేశారు. రెండు గుంపులకూ కౌన్సెలింగ్ ఉంది. మందు విఫలమైందని ఈ వార్తను చదివినవాళ్లు ఉన్నారు. దాన్ని చదవాల్సింది ఇంకో వైపు నుంచి. ఉత్తుత్తి మాత్రతోపాటు మాట సాయం అందుకున్నవాళ్లలో దాదాపు ముప్పై శాతం మంది మానారు. ఏ ధనిక దేశపు క్లినిక్కు అయినా గర్వంగా చెప్పుకునే అంకె అది.

జబ్బు భయం ఉన్నప్పుడు మనసు మెత్తబడుతుంది కాబట్టి క్షయ రోగుల లెక్క అందరికీ వర్తించదు. ఏ జబ్బూ లేనివాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఫలితం ఎలా ఉంటుందో ఢిల్లీ పేద బస్తీల ప్రయోగం చెబుతుంది. ఇళ్ల దగ్గరికే వెళ్లి 1,213 మందితో మాట్లాడారు. కొందరికి ఒక్క నిమిషం సలహా, మిగతావాళ్లకు పావుగంట మాట, శ్వాస మీద ధ్యాస నిలిపే యోగాభ్యాసం. ఒక్కసారే. ఆరు నెలలు నిలబడి మానినవాళ్లు మొదటివాళ్లలో 0.5 శాతం, రెండోవాళ్లలో 2.6 శాతం. అంకె చిన్నదే. పావుగంట ఖర్చుకు ఐదు రెట్ల తేడా అని ఒకవైపు సంతోషించవచ్చు. ఒక్కసారి చెప్పి వదిలేస్తే నూటికి తొంభై ఏడుగురు మిగిలిపోతారని కూడా అదే అంకె చెబుతోంది.

ఈ పరిశోధనలన్నీ పక్కపక్కన పెడితే, పేద దేశంలో ఈ సేవ ఎలా ఉండాలో దానంతట అదే కనిపిస్తుంది. ఏదో ఒక కారణంతో పదేపదే కలవాల్సిన మనుషులు మన ఆరోగ్య వ్యవస్థలో ఇప్పటికే ఉన్నారు. క్షయ మందులు ఇచ్చే కార్యకర్త ఆరు నెలలపాటు అదే రోగిని కలుస్తుంటాడు. షుగర్, బీపీ మాత్రల కోసం జనం నెలనెలా పల్లె దవాఖానకో, విలేజ్ క్లినిక్‌కో వస్తారు. గర్భిణిని ఏఎన్ఎం తొమ్మిది నెలలూ చూస్తుంది, అప్పుడు ఇంట్లో పొగ తాగే మగాడితోనూ మాట్లాడవచ్చు. దంతవైద్య కళాశాలల్లో పొగాకు విరమణ కేంద్రం ఉండాలని డెంటల్ కౌన్సిల్ 2018లోనే చెప్పింది. నోరు తెరిచి అద్దంలో మచ్చ చూపించగలిగే అవకాశం దంతవైద్యుడికి ఉన్నట్టు మరెవరికీ లేదు. ప్రత్యేకంగా మరో క్లినిక్ కట్టేకంటే ఈ కలయికల్లో పది నిమిషాలు చేర్చడం సులువు.

పనిభారం ఎంతో చిన్న లెక్క వేసి చూడొచ్చు. మైదాన ప్రాంతంలో ఒక ఆరోగ్య ఉపకేంద్రం కింద 5,000 జనాభా ఉంటే 15 ఏళ్లు దాటినవాళ్లు నాలుగు వేలకు అటూఇటూ. ఆంధ్రప్రదేశ్ సగటున 20 శాతం అనుకుంటే పొగాకు వాడేవాళ్లు దాదాపు ఎనిమిది వందలు. వాళ్లలో సగం మంది మానే ఆలోచనలో ఉన్నారనుకుందాం, నాలుగు వందలు. ఒక్కొక్కరితో ఏడాదిలో నాలుగుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు మాట్లాడితే 16,000 నిమిషాలు. అంటే ఏడాదికి 270 గంటల లోపు, పనిదినానికి గంట. చేయలేనిది కాదు. కానీ ఆ గంట ఇప్పటికే నిండిపోయిన ఆశా, ఏఎన్ఎంల రోజులోంచి ఊరికే రాదు. టీకాలు, గర్భిణుల నమోదు, సర్వేలు, యాప్‌లలో ఎంట్రీలు, వీటి మధ్య ఇంకో పని పెడితే, డబ్బులు కట్టని పనే ముందు జారిపోతుంది. ఆశాలకు చాలా పనులకు పని లెక్కన ప్రోత్సాహకం ఇస్తున్నారు. పొగాకు మాన్పించే పనికి, అందులోనూ రెండో, మూడో కలయికకు విడిగా డబ్బు కట్టకుండా, ‘మీ బాధ్యత’ అని సర్క్యులర్ పంపితే ఫలితం ముందే తెలుసు.

ఫోన్ ఈ భారాన్ని కొంత తగ్గిస్తుంది. 2016 మే నెలాఖరులో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థలో, పొగాకు మానాలనుకునేవాళ్లకు ఫోన్‌లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ మొదలైంది. నంబరు 1800-11-2356, ఉచితం. తర్వాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కూడా చేరడంతో తెలుగులో మాట్లాడే అవకాశం వచ్చింది. మానే తేదీ కుదిరాక కౌన్సెలర్లే తిరిగి ఫోన్ చేస్తారు. ఆ తిరిగి చేసే ఫోన్‌లోనే దాని విలువంతా ఉంది. మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్‌లు పంపే పథకం కూడా అదే ఏడాది వచ్చింది.

2018 సెప్టెంబర్ నుంచి ఈ నంబరు పొగాకు ప్యాకెట్ల మీద అచ్చవుతోంది. మంచి నిర్ణయం. అయితే సిగరెట్ లూజుగా కొనేవాడి చేతికి ప్యాకెట్ రాదు. సంతలో కట్టలుగా అమ్మే చుట్టకు ప్యాకెట్టే ఉండదు. అడ్డపొగ తాగే అవ్వకు సొంత ఫోన్ ఉండకపోవచ్చు, ఉన్నా తెలియనివాళ్లతో ఈ సంగతి మాట్లాడదు. అందుకే ఆశా తన ఫోన్ నుంచే నంబరు కలిపి, నాలుగు మాటలు తను మాట్లాడి, ఆ తర్వాత ఫోన్ అవ్వ చేతికివ్వడం లాంటి చిన్న పద్ధతులు కావాలి. కాల్ సెంటర్ ఉందని ఊళ్లో మనిషిని తీసేస్తే రెండూ పనిచేయవు.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పుకోవాలి. సర్వే ప్రకారం దేశంలో 14.2 శాతం మంది ఆడవాళ్లు పొగాకు వాడుతున్నారు, వాళ్లలో ఎక్కువమంది నమిలేవాళ్లే. పంటినొప్పికి మొదలుపెట్టినవాళ్లున్నారు, నాట్లలో వంగి వంగి ఆకలి తెలియకుండా ఉండటానికి మొదలుపెట్టినవాళ్లున్నారు. పంటినొప్పితో మొదలైనదాన్ని పన్ను చూడకుండా మాన్పించలేం. కోడలి ముందు, పిల్లల ముందు అడిగితే ‘నాకలాంటివేం లేవమ్మా’ అంటారు. అడగడంలోనే మెళకువ ఉంది. ‘పెద్దమ్మా, తమలపాకులో పొగాకు వేసుకుంటావా, ఉత్త వక్కేనా?’ అని మామూలుగా అడిగితే నిజం వస్తుంది. ‘మామా, మొన్న ఆదివారం ఆపేస్తానన్నావుగా, రాత్రి నిద్ర పట్టిందా?’ అన్న పలకరింపు శిక్షణ పుస్తకాల్లో ఉండదు. ఊరి కార్యకర్తకు అది సహజంగా వస్తుంది. తిట్టడం, భయపెట్టడం మాత్రం అందరికీ ఇంకా సహజంగా వస్తాయి. శిక్షణలో ఎక్కువ సమయం దాన్ని మాన్పించడానికే పోవాలి.

మందులు అక్కర్లేదని దీని అర్థం కాదు. లేవగానే అరగంటలోపు మొదటి బీడీ వెలిగించే మనిషికి ఉత్త మాటలు చాలకపోవచ్చు. నికోటిన్ గమ్, ప్యాచ్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన జాతీయ జాబితాలోకి 2022లో వచ్చాయి. పొగాకు మాన్పించే చికిత్స మీద ఆ సంస్థ తొలి మార్గదర్శకాలు 2024 జులైలో వెలువడ్డాయి. నమిలేవాళ్లకు కూడా నికోటిన్ గమ్ లాంటివో, వెరెనిక్లిన్ అనే మాత్రో ఇవ్వవచ్చని వాటిలో ఉంది.

మన దగ్గర రెండు మిల్లీగ్రాముల గమ్ చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది. సరిగ్గా వాడాలంటే మొదట్లో గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున, మొత్తం మూడు నెలల దాకా వాడాలి. బీడీల మీద పెట్టే ఖర్చు కంటే ఇది ఎక్కువవుతుంది. ‘మానడానికి తాగేదానికంటే ఎక్కువ పెట్టాలా?’ అని కూలీ మనిషి అడిగితే జవాబు లేదు. కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్ మాత్రల పక్కన ఉచితంగా ఉండాల్సిన వస్తువు అది. జాబితాలో పేరుంటే చాలదు, మందుల కోసం జిల్లా నుంచి పెట్టే ఇండెంటులో ఉండాలి. వాడే పద్ధతీ చూపించాలి. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి రెండో రోజే పారేస్తారు. నాలుగైదుసార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే చెంప పక్కన పెట్టుకోవాలి. ఖైనీ అలవాటున్నవాళ్లకు ఈ పద్ధతి ఒక్కసారి చూపిస్తే చాలు, నోరు దానికి అలవాటు పడి ఉంటుంది.

మిగతా వర్ధమాన దేశాల్లో బ్రెజిల్ అనుభవం బాగా పనికొస్తుంది. అక్కడ ఈ చికిత్సను ఉచిత ప్రజారోగ్య వ్యవస్థలో కలిపేశారు. మునిసిపల్ ఆరోగ్య కేంద్రాల్లో పదిమందిని కూర్చోబెట్టి వారం వారం మాట్లాడతారు, అవసరమైనవాళ్లకు మందు అక్కడే ఇస్తారు. పొగాకు నియంత్రణ చర్యలన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అత్యున్నత స్థాయిలో అమలు చేసిన దేశాల్లో 2019 నాటికి తుర్కియే తర్వాత నిలిచింది బ్రెజిల్ ఒక్కటే. గుంపుగా కూర్చుని మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు. డ్వాక్రా సంఘాలు నెలనెలా కూర్చుంటూనే ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో ముడి ఉంది. దేశపు పొగాకు బోర్డు గుంటూరులో ఉంది. ప్రకాశం, నెల్లూరు, గోదావరి జిల్లాల్లో వర్జీనియా పొగాకు మీద బతికే రైతులున్నారు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. మాన్పించే సేవ అనగానే తమ పొట్ట కొట్టడానికే అన్న భయం వాళ్లకు కలగడం సహజం. ఆ భయానికి జవాబు వేరే పంటల్లో, వేరే పనుల్లో వెతకాలి. కౌన్సెలర్ తీర్చగలిగింది కాదు. కానీ ఒళ్లో చేట పెట్టుకుని రోజంతా పొగాకు పొడి పీల్చే ఆ ఆడవాళ్ల దగ్గు, ఆయాసం, వాళ్ల ఇంటి మగవాళ్ల బీడీ అలవాటు, ఇవన్నీ కూడా ఈ సేవ చూడాల్సిన విషయాలే. బీడీ కార్మికుల కోసం కేంద్ర కార్మిక శాఖ కింద ప్రత్యేకంగా దవాఖానాలున్నాయి. పొగాకు గురించి మాట్లాడే కౌన్సెలర్ ముందుగా కూర్చోవాల్సిన గది అక్కడ ఉంది.

చివరికి ఏ సేవ అయినా దేన్ని లెక్కపెడతారో దానివైపే నడుస్తుంది. ఇప్పటి నివేదికల్లో ఎక్కువగా కనిపించేది ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చారన్న అంకె. ఒక శిబిరం పెట్టి వందమందికి చెప్పినా, పదిమందిని ఆరు నెలలు వెంట పెట్టుకుని నడిపించినా, ఈ పద్ధతిలో మొదటిదే గొప్ప పని అవుతుంది. ఉపకేంద్రంలో పెట్టే రిజిస్టర్‌కు ఐదు గడులు చాలు: ఏం వాడుతున్నారు, ఏ రోజు ఆపుతామన్నారు, మూడో రోజు ఎలా ఉన్నారు, నెలకు ఎలా ఉన్నారు, ఆరు నెలలకు ఎలా ఉన్నారు. మళ్లీ మొదలుపెట్టిన మనిషి పేరు కొట్టేయకూడదు. ఎక్కడ జారాడో, పెళ్లిలోనా, చావింట్లోనా, రాత్రి డ్యూటీలోనా, అడిగి ఒక మాట రాసుకుని, కిందనే ఆపబోయే కొత్త తేదీ వేయాలి.